కంపైలరు ఎప్పుడు ఊహించాలి, ఎప్పుడు అడగాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు.

మీ పత్రిక విద్యా పేజీలో ఇంజనీరింగు విద్యార్థుల కోసం ఇటీవల వచ్చిన ఒక వ్యాసంలో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషల (ఫంక్షన్లను జోడించుకుంటూ ప్రోగ్రాము రాసే భాషల) గురించి చేసిన సూచనపై ఈ లేఖ రాస్తున్నాను. హాస్కెల్ వంటి భాషల్లో కంపైలరు (మనం రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగల రూపానికి మార్చే సాఫ్ట్‌వేర్) చీటికీ మాటికీ ‘ఇక్కడ ఏ టైపో (విలువ ఏ రకానిదో) తేలడం లేదు’ అంటూ ప్రోగ్రామును తిప్పి పంపుతుందని, కొత్తగా నేర్చుకునేవారు దాంతో విసిగి మధ్యలోనే వదిలేస్తున్నారని, చెప్పనిచోట భాషే ముందే నిర్ణయించి పెట్టుకున్న ఏదో ఒక డిఫాల్టు టైపును ఎంచుకొని సాగిపోతే ఈ బాధ ఉండదని వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. విసుగు మాట నిజమే. విజయనగరంలో చాలా ఏళ్లుగా కంప్యూటర్ సైన్సు పాఠాలు చెబుతున్న నేను ఆ విసుగును ల్యాబులో చూస్తూనే ఉన్నాను. అయితే దానికి వ్యాసకర్త చెప్పిన మందు రోగం కంటే ప్రమాదకరమైనదని నా గట్టి నమ్మకం. ఎంపిక మారితే జవాబు మారిపోయేచోట కంపైలరు ఆగి అడగాలి. ఏ కారణం చేతనైనా అడగకుండా తానే ఎంచుకుంటే, ఎంచుకున్నానని నోరు విప్పి చెప్పాలి. ఇంత పట్టుదలగా ఎందుకు అంటున్నానో వివరంగా చెప్పడానికి కొంచెం చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా టైప్ క్లాసు అన్నది ఎందుకు పుట్టిందో చెప్పుకోవాలి. కూడిక గుర్తు ఒక్కటే అయినా యంత్రం పూర్ణాంకాలను కూడే పద్ధతి వేరు, దశాంశ సంఖ్యలను కూడే పద్ధతి వేరు. రెండు విలువలు సమానమా కాదా అని చూడటమూ అంతే. సంఖ్యలకు ఒక తీరు, స్ట్రింగులకు (అక్షరాల వరుసలకు) మరో తీరు, జాబితాలకు ఇంకో తీరు. ఎం.ఎల్. అనే పాత ఫంక్షనల్ భాష కుటుంబానికి చెందిన భాషలు ఈ సమస్యను ఎక్కడికక్కడ ప్రత్యేక ఏర్పాట్లతో నెట్టుకొచ్చాయి. 1997 నాటి స్టాండర్డ్ ఎం.ఎల్. నిర్వచనం ప్రకారం కూడా, ఒక సంఖ్యను దానితోనే గుణించే ఫంక్షను రాసి టైపు చెప్పకుండా వదిలేస్తే అది పూర్ణాంకాలకే కట్టుబడిపోతుంది. దశాంశాలకు కావాలంటే మళ్లీ రాసుకోవలసిందే. 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఒక సదస్సులో ఉమ్మడి ఫంక్షనల్ భాష కోసం ఒక సంఘం ఏర్పడింది. తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టుకున్న ఆ భాష నియమాలను నిర్వచించే తొలి నివేదిక 1990 ఏప్రిల్ 1న వెలువడింది. ఆ రెంటి నడుమ, 1989లో, ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ ప్రచురించిన పత్రం ఈ చిక్కుకు ఒక పద్ధతైన పరిష్కారం చూపింది. అదే టైప్ క్లాసు.

దాని పని తీరు చూడండి. ‘కూడటం, తీసివేయడం, గుణించడం వచ్చిన టైపులు’ అని ఒక క్లాసును ప్రకటిస్తాం. ఆ పనులు ఎలా చేయాలో ఒక్కొక్క టైపుకూ విడివిడిగా రాసి పెడతాం. ఆ రాతనే ఇన్‌స్టెన్సు అంటారు. ఆ తర్వాత మనం మామూలుగా కూడిక గుర్తు వాడితే, కంపైలరు ఆ చోట ఏ టైపు ఉన్నదో కనిపెట్టి, దానికి తగిన ఇన్‌స్టెన్సును వెతికి, అందులోని ఫంక్షన్ల పట్టికను మనకు కనిపించకుండా లోపలికి అందిస్తుంది. పట్టికను అందించే ఈ పని ప్రోగ్రాములో ఎక్కడా రాసి ఉండదు. కంపైలరే దాన్ని పూరిస్తుంది. మామూలుగా టైపు అంటే కాపలాదారు, తప్పు విలువను లోపలికి రానివ్వనిది అని మాత్రమే పిల్లలకు చెబుతాం. టైప్ క్లాసులు ఉన్న భాషలో టైపు అంతకంటే పెద్ద పని చేస్తుంది. ఏ కోడు నడవాలో నిర్ణయిస్తుంది. టైపు మారితే నడిచే కోడు మారుతుంది. కాబట్టి టైపును ఊహించడమంటే ప్రోగ్రాము చేసే పనిని ఊహించడమే. వ్యాసకర్త ఈ ఒక్క సంగతిని పక్కన పెట్టేయడం వల్లనే డిఫాల్టును ఒక సౌకర్యంగా మాత్రమే చూడగలిగారు.

సందిగ్ధత ఎలా వస్తుందో చెప్పడానికి హాస్కెల్ పాఠాల్లో తరచూ వచ్చే ఉదాహరణే తీసుకుంటాను. ‘రీడ్’ అనే ఫంక్షను ఒక స్ట్రింగును చదివి దాన్ని విలువగా మారుస్తుంది. ‘షో’ అనే ఫంక్షను ఒక విలువను తీసుకొని స్ట్రింగుగా మారుస్తుంది. ఈ రెంటినీ జోడించి, స్ట్రింగును రీడ్ చేసి వచ్చినదాన్ని షో చేయమని రాశామనుకోండి. లోపలికి వెళ్లేది స్ట్రింగు, బయటికి వచ్చేదీ స్ట్రింగు. ఆ రెండు టైపులూ స్పష్టంగానే ఉన్నాయి. మధ్యలో పుట్టి మధ్యలోనే మాయమయ్యే విలువ ఏ టైపుదో మాత్రం ప్రోగ్రాములో ఏ మూలా రాసి లేదు. లోపలికి 5 అనే అక్షరాన్ని పంపితే, మధ్య టైపు పూర్ణాంకమైతే బయటికి 5 వస్తుంది. డబుల్ అనే దశాంశ టైపైతే 5.0 వస్తుంది. రెండూ నియమబద్ధమైన జవాబులే. మామూలు టైపు దోషంలో సరైన జవాబు ఒక్కటీ ఉండదు, ఇక్కడ సరైనవి ఒకటికి మించి ఉన్నాయి. ఒకే ప్రోగ్రాముకు ఒకే అర్థం ఉండాలన్న నియమాన్ని కాపాడుకోవాలంటే కంపైలరుకు ఆగిపోవడం తప్ప గతి లేదు. హాస్కెల్ నివేదిక అటువంటి ప్రోగ్రామును సందిగ్ధమని చెప్పి తిరస్కరించమంటుంది.

మన శ్రీకాకుళం జిల్లాలో కొత్తూరు ఒక మండల కేంద్రం. ఆ పేరుతో తెలుగు నేల మీద ఊళ్లు ఇంకెన్నో ఉన్నాయి. పార్సిలు మీద ‘కొత్తూరు’ అని మాత్రమే రాసి పంపితే, ఏ కొత్తూరని అడిగే గుమస్తా మనకు కాసేపు చిరాకు తెప్పించవచ్చు. అడగకుండా తనకు దగ్గరలో ఉన్న కొత్తూరుకు పంపేసే గుమస్తా పార్సిలునే పోగొడతాడు. సందిగ్ధమైన చోట ఆగిపోయే కంపైలరు మొదటి గుమస్తా లాంటిది.

మరి అన్నిచోట్లా అడగడమే మంచిదైతే హాస్కెల్‌లో డిఫాల్టు అన్నది అసలెందుకు ఉందని వ్యాసకర్త అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. హాస్కెల్‌లో 3 అని రాస్తే అది ఫలానా టైపు సంఖ్య అని స్థిరంగా ఉండదు. సంఖ్యల క్లాసులో ఉన్న ఏ టైపుగానైనా కుదురుకోగలదు. అలాంటప్పుడు 2^10 విలువను ముద్రించమని రాసినా రెండు సందిగ్ధతలు వస్తాయి. 2 ఏ టైపు? 10 ఏ టైపు? ఘాతాంకం మూల సంఖ్య టైపులోనే ఉండాలన్న నిబంధన లేదు, దాని టైపు జవాబులోనూ కనిపించదు. ప్రతి చిన్న లెక్కకూ రెండేసి టైపులు రాయమంటే ఎవరూ ఆ భాష జోలికి పోరు. అందుకే సంఘం ఒక ఇరుకైన ద్వారాన్ని తెరిచింది. సందిగ్ధంగా ఉన్న టైపుకు సంబంధించిన క్లాసుల్లో కనీసం ఒకటి సంఖ్యలదై ఉండాలి; ఆ క్లాసులన్నీ భాషతో పాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీవే అయి ఉండాలి. ఆ షరతులు నెరవేరితే ముందు ఇంటీజర్ అనే పూర్ణాంక టైపును, అది సరిపోకపోతే డబుల్‌ను ప్రయత్నించాలి. ఈ జాబితాను ఏ మాడ్యూలుకు (ప్రోగ్రాము భాగానికి) ఆ మాడ్యూలులో మార్చుకోవచ్చు. ఖాళీ జాబితా ఇచ్చి డిఫాల్టును పూర్తిగా నిలిపివేయనూ వచ్చు.

ఆ రెండో షరతు చాలామంది కంటికి ఆనదు గానీ, నా దృష్టిలో ఈ నియమంలోని వివేకమంతా అక్కడే ఉంది. విద్యార్థి 5ను ముద్రించమంటే ప్రోగ్రాము నడుస్తుంది. అదే విద్యార్థి ‘వివరణ’ అనే సొంత క్లాసును తయారు చేసి, పూర్ణాంకాలకు ఒక విధంగా, దశాంశాలకు మరో విధంగా ఇన్‌స్టెన్సులు రాసి, ఆపై 5కు వివరణ అడిగితే కంపైలరు తిరస్కరిస్తుంది. మొదటిది నడిచి రెండోది నడవకపోవడం చూసి పిల్లలు ఇదేదో యంత్రం మొండితనం అనుకుంటారు. నిజానికి ప్రామాణిక లైబ్రరీలోని క్లాసులు ఎలా ప్రవర్తిస్తాయో భాష రూపకర్తలకు ముందే తెలుసు. మనం కొత్తగా రాసుకున్న క్లాసులో పూర్ణాంకానికీ దశాంశానికీ మధ్య ఎంత తేడా పెట్టామో వారికి తెలిసే వీలు లేదు. తెలియనిచోట ఊహించకూడదని వారు ఆగారు. ఊహించవలసిన చోట కూడా జాగ్రత్తగానే ఊహించారు. 2^64 అని టైపు చెప్పకుండా అడిగితే హాస్కెల్ 18446744073709551616 అని సరైన జవాబు ఇస్తుంది, ఎందుకంటే మొదటి డిఫాల్టు అయిన ఇంటీజర్‌కు హద్దు లేదు. 64 బిట్లకు పరిమితమైన ఇంట్ టైపులో అదే లెక్క చేయమని మనమే చెబితే జవాబు 0 వస్తుంది. వేగం కోసం ఇంట్‌నే డిఫాల్టుగా పెట్టి ఉంటే ఎంతమంది ఎన్ని సున్నాలను నమ్మేవారో ఆలోచించండి.

పూర్ణాంకాల విషయంలో చూపిన ఈ జాగ్రత్త భిన్నాల దగ్గరికి వచ్చేసరికి సడలిపోయిందని చెప్పక తప్పదు. 0.1కి 0.2 కలపమంటే డిఫాల్టు ప్రకారం డబుల్ ఎంపికై, 0.30000000000000004 అనే జవాబు వస్తుంది. 0.1 అనే సంఖ్యను ద్విసంఖ్యామానంలో కచ్చితంగా రాయడం కుదరదు కాబట్టి ఇది ఏ భాషలోనైనా డబుల్‌కు సహజమే. అయితే హాస్కెల్ ప్రామాణిక లైబ్రరీలోనే లవం, హారం రెండూ పూర్ణాంకాలుగా దాచుకొనే రేషనల్ టైపు కూడా ఉన్నది. దానితో అదే లెక్క చేస్తే పదింట మూడు అని కచ్చితమైన జవాబు వస్తుంది. రేషనల్ లెక్కలు నెమ్మదిగా సాగుతాయి, లెక్క పెరిగేకొద్దీ హారాలు విపరీతంగా పెరిగిపోతాయి కనుక శాస్త్ర సాంకేతిక గణనలకు డబుల్ తగినదే. రూపాయలు, పైసల లెక్కకు మాత్రం తగదు. భాషను ఏ లెక్కకు వాడుతున్నామో కంపైలరుకు తెలియదు, మనకు తెలుసు. తెలిసినవారు చెప్పాలి.

ఇక డిఫాల్టు ఎంత నిశ్శబ్దంగా నష్టం చేయగలదో చూపించే సంగతి ఒకటి మా విద్యార్థి దగ్గరే ఎదురైంది. ఆ అబ్బాయిది పలాస. ఇంట్లో జీడి వ్యాపారం. ఉద్దానం నుంచి వచ్చే జీడి పిక్కల బస్తాల లెక్క కోసం అతడు లీన్ భాషలో చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. లీన్ ప్రధానంగా గణిత నిరూపణల కోసం 2013లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో లియొనార్డో డి మౌరా మొదలుపెట్టిన భాష. ఇప్పటి లీన్ 4 మంచి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష కూడా. అబ్బాయి రాసిన వరుస చాలా సాదాసీదాది. గిడ్డంగిలో ఉన్న బస్తాలు 12, ఇస్తామని మాట ఇచ్చినవి 15. తేడా అనే పేరుకు 12 − 15 అని విలువ ఇచ్చాడు, టైపు రాయలేదు. ప్రోగ్రాము ఏ అభ్యంతరమూ చెప్పకుండా నడిచి, తేడా 0 అని చూపింది. మూడు బస్తాల కొరత కాగితం మీద నుంచి చెరిగిపోయింది. దోషం లేదు, హెచ్చరిక లేదు.

జరిగినది ఇది. లీన్‌లో కూడా 12 అని రాస్తే అది ఏ సంఖ్యా టైపుదైనా కావచ్చు. చుట్టుపక్కల ఆధారం దొరుకుతుందేమోనని భాష చివరిదాకా వేచి చూస్తుంది; దొరకకపోతే ‘డిఫాల్టు ఇన్‌స్టెన్సు’ అని ముందే గుర్తు పెట్టి ఉంచిన దాన్ని వాడుకుంటుంది. పూర్ణాంకాల రాతకు ఆ గుర్తు సహజ సంఖ్యల టైపు మీద ఉన్నది. సహజ సంఖ్యల్లో సున్నాకు దిగువన ఏమీ లేదు కాబట్టి అక్కడి తీసివేత సున్నా దగ్గర ఆగిపోతుంది. లీన్ రూపకర్తలను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నిరూపణల భాషలో ప్రతి ఫంక్షనుకూ ప్రతి ఇన్‌పుట్‌కూ ఏదో ఒక విలువ ఉండటం సౌకర్యం. గణితానుగమన పద్ధతికి సహజ సంఖ్యలే పునాది. వారి పనికి అది సరైన డిఫాల్టే. బస్తాల లెక్కకు మాత్రం కాదు. పైగా ఇందులో ఇంకో మెలిక ఉంది. తేడా రుణ సంఖ్యలు కూడా ఉన్న పూర్ణాంక టైపుదని అదే వరుసలో రాసి ఉంటే, ఆ సమాచారం లోపలి 12కూ 15కూ కూడా చేరి జవాబు −3 వచ్చేది. అలా కాకుండా ముందు టైపు లేకుండా తేడాను లెక్కించి, ఆ తర్వాతి వరుసలో దాన్ని పూర్ణాంకంగా మార్చుకుంటే 0 గానే ఉండిపోతుంది, ఎందుకంటే మార్పు జరిగేసరికి కొరత అప్పటికే మాయమైపోయింది. లెక్క ఒక్కటే, అంకెలు ఒక్కటే. టైపు ఎక్కడ రాశామన్న దాన్ని బట్టి ఒకచోట మూడు బస్తాలు తక్కువ, మరోచోట అంతా సరిగ్గా ఉన్నట్టు లెక్క తేలింది. హాస్కెల్‌లో టైపు చెప్పకపోయినా ఇంటీజర్ వల్ల −3 వచ్చేది. అక్కడ సహజ సంఖ్యలు కావాలని ప్రత్యేకంగా అడిగితే ఆ తీసివేత దగ్గర ప్రోగ్రాము దోషం చెప్పి ఆగిపోతుంది. మూడు రకాల ప్రవర్తనలకూ మూడు రకాల కారణాలు ఉన్నాయి. వీటిలో ఏది కావాలో ఆ వ్యాపారి కొడుకుకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

వ్యాసకర్త కోరినట్టు డిఫాల్టును సంఖ్యల గడప దాటించి అన్ని టైపులకూ విస్తరిస్తే ఏమవుతుందో ఊహించనక్కరలేదు; అలాంటిది ఒకటి ఇప్పటికే మన కళ్ల ముందు ఉంది. హాస్కెల్‌కు ఎక్కువగా వాడే గ్లాస్గో కంపైలరుతో పాటు, ఒక్కొక్క వరుస రాసి వెంటనే జవాబు చూసుకొనే కన్సోలు వస్తుంది. అక్కడ విసుగు తగ్గించాలని డిఫాల్టు నియమాన్ని సడలించారు. సంఖ్యలతో పని లేకపోయినా, ఒకే ఒక్క విలువ ఉండే యూనిట్ అనే టైపును ఎంచుకోవడానికి అనుమతించారు. ఖాళీ జాబితాను షో చేయమంటే కన్సోలు హాయిగా చూపిస్తుంది. అదే వరుసను ఫైలులో పెట్టి కంపైలు చేస్తే సందిగ్ధమని దోషం వస్తుంది. ఇంతవరకు పెద్ద నష్టం లేదు. కానీ అదే కన్సోలులో 5 అనే అక్షరాన్ని రీడ్ చేయమని మాత్రమే అడిగి చూడండి. వచ్చే విలువ టైపు యూనిట్ అని కన్సోలు తనంతట తాను నిర్ణయించుకుంటుంది. యూనిట్ విలువను ఖాళీ కుండలీకరణాలుగానే రాయాలి కాబట్టి 5ను చదవలేక, నడుస్తూ నడుస్తూ ‘చదవడం కుదరలేదు’ అనే దోషంతో ఆగిపోతుంది. విద్యార్థికి ఇందులో టైపు ప్రసక్తే కనిపించదు. తాను ఇచ్చిన 5లోనే ఏదో తేడా ఉందనుకొని కొటేషన్ గుర్తులు మార్చి చూస్తాడు, ఖాళీలు తీసి చూస్తాడు. అడిగి ఉంటే ఒక్క క్షణంలో తేలిపోయే విషయం, అడగకపోవడం వల్ల తప్పుదారి పట్టించే సందేశంగా మారింది. విస్తరించిన డిఫాల్టు విసుగును తీసేయలేదు. దాన్ని కంపైలు చేసే వేళ నుంచి ప్రోగ్రాము నడిచే వేళకు తోసేసింది.

రస్ట్ భాష చరిత్ర కూడా ఇదే గీత దగ్గరికి వచ్చి ఆగింది. 2015లో 1.0 వెలువడక ముందు, అంకెలకు డిఫాల్టు టైపు ఉండటం ప్రమాదమని ఒక దశలో తీసివేసి, చిన్న చిన్న ఉదాహరణలకు కూడా టైపు రాయవలసి రావడంతో 2014లో దాన్ని తిరిగి తెచ్చారు. ఇప్పుడు టైపు తేలని పూర్ణాంకం 32 బిట్లది అవుతుంది. అయితే స్ట్రింగును చదివి విలువగా మార్చే పనిలో, ఏ టైపో తేలకపోతే రస్ట్ నేటికీ ఆగి టైపు రాయమనే అంటుంది. అంకెల దగ్గర ఊహ, చదివే దగ్గర ప్రశ్న. హాస్కెల్ కంటే చాలా తర్వాత, వేరే అవసరాల కోసం, వేరే మనుషులు రూపొందించిన భాష కూడా ఈ విభజననే పాటించడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

రెండు ఎంపికలూ సమానంగా సరైనవైనప్పుడు ఏదీ పెట్టకుండా వదిలేయడమూ ఒక మంచి నిర్ణయమే. రెండు విలువలను కలిపి ఒకటి చేసే మోనాయిడ్ క్లాసుకు హాస్కెల్ ప్రామాణిక లైబ్రరీ పూర్ణాంకాల పేర ఇన్‌స్టెన్సు ఇవ్వలేదు, ఎందుకంటే కూడికా సరిపోతుంది, గుణకారమూ సరిపోతుంది. మొత్తం అని, లబ్ధం అని రెండు తొడుగు టైపులను విడిగా ఇచ్చి ఏది కావాలో మనల్నే చెప్పమంది.

ఇంతా చెప్పాక, వ్యాసకర్త ఆవేదనలో నాకు పూర్తిగా ఒప్పుదల ఉన్న భాగాన్ని కూడా చెప్పాలి. కంపైలరు అడగడం సరైనదే గానీ అడిగే తీరు చాలాసార్లు బాగుండదు. మార్కుల జాబితా మొత్తాన్ని జాబితా పొడవుతో భాగించి సగటు కనుక్కోవాలని పిల్లవాడు రాస్తాడు. జాబితా పొడవు ఇంట్ టైపులో వస్తుంది, భాగహారం గుర్తు భిన్నాలు తెలిసిన టైపులకే పనిచేస్తుంది. కాబట్టి కంపైలరు ‘ఇంట్‌కు ఫ్రాక్షనల్ ఇన్‌స్టెన్సు లేదు’ అంటుంది. తొలి సెమిస్టరు విద్యార్థికి ఆ వాక్యంలో ఒక్క ముక్క అర్థం కాదు. లేని ఇన్‌స్టెన్సును తానే రాయాలేమో అనుకొని రాయబోయినవారిని కూడా చూశాను. పొడవును దశాంశంగా మార్చుకోమని, అందుకు ఫలానా ఫంక్షను ఉందని ఆ సందేశమే చెప్పగలగాలి. లీన్‌లో ‘టైప్ క్లాసు ఇన్‌స్టెన్సు సమస్య ఇరుక్కుపోయింది’ అని వచ్చే సందేశమూ ఇలాంటిదే. ఎక్కడ టైపు రాస్తే ముడి విడిపోతుందో చెప్పకుండా ముడి పడిందని మాత్రమే చెబితే కొత్తవారికి దారి దొరకదు. బాగు చేయవలసినది ఈ సందేశాలను. వాటి కోసం నియమాన్నే తీసేయకూడదు.

అధ్యాపకులుగా మేము చేయగలిగినవి కూడా ఉన్నాయి. గ్లాస్గో కంపైలరులో హెచ్చరికలన్నీ చూపమని అడిగితే, డిఫాల్టు వాడిన ప్రతిచోటా ఏ టైపును ఎంచుకున్నదో వరుస సంఖ్యతో సహా చెబుతుంది; ల్యాబు యంత్రాల్లో దాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచవచ్చు. 2016లో వచ్చిన ఆ కంపైలరు 8.0 నుంచి, రీడ్ పక్కనే ఏ టైపుగా చదవాలో నేరుగా రాసే సౌకర్యం కూడా ఉంది. సందిగ్ధమైన చోట ఒక్క మాటతో పని తీరుతుంది. పై స్థాయిలో ఉన్న ప్రతి ఫంక్షనుకూ టైపు రాయించడం తొలి వారం నుంచే అలవాటు చేయాలి. మా వైపు ప్రాక్టికల్ పరీక్షల్లో ఔట్‌పుట్ సరిపోతే మార్కులు వేసేసే పద్ధతి బలంగా నాటుకుపోయింది. తేడా 0 అని చూపిన ఆ ప్రోగ్రామును 15 − 12 ఇచ్చి పరీక్షిస్తే పూర్తి మార్కులు వస్తాయి. అందుకే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో ప్రాక్టికల్ పరీక్షలు నిర్వహించే తోటి అధ్యాపకులకు నా మనవి: వైవాలో ప్రోగ్రాములోని ఏదో ఒక అంకె మీద వేలు పెట్టి ‘ఇది ఏ టైపు, ఎవరు నిర్ణయించారు, నువ్వా కంపైలరా?’ అని అడగండి, ఆ ప్రశ్నకు విడిగా మార్కులు పెట్టండి.

మీ పత్రికకూ ఒక విన్నపం. విద్యా పేజీలో ఇకపై హాస్కెల్, లీన్, రస్ట్ వంటి భాషల్లో ప్రోగ్రాములు ముద్రించినప్పుడు ప్రతి ఫంక్షనుకూ టైపును కూడా ముద్రించండి. చోటు చాలదని ఆ ఒక్క వరుసను తీసేస్తున్నారని గమనించాను. మిగతా ఏ వరుసనైనా కుదించండి గానీ దాన్ని ఉంచండి. డిఫాల్టు మీద ఆధారపడిన అంకె ఎక్కడైనా ఉంటే, అక్కడ ఏ టైపు ఎంపికవుతుందో ఉదాహరణ కింద ఒక వాక్యంలో రాయించండి. పైన చెప్పిన లెక్కలన్నీ ఎవరైనా తమ యంత్రంలో వేసి చూసుకోదగినవే. వ్యాసకర్త వాటిని, ముఖ్యంగా కన్సోలులో 5ను రీడ్ చేసే వరుసను, ఒకసారి నడిపి చూసి మీ పేజీలోనే తమ అభిప్రాయం రాస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కంప్యూటర్ సైన్సు అధ్యాపకుడు,
విజయనగరం